షెడ్డులో నిలిచిన కారు: ముందు ట్యాంకు, చివర తాళం



తెలుగునాట పాత ఇళ్ల వసారాల్లో, రేకుల షెడ్లలో, టార్పాలిన్ కప్పుకుని ఏళ్ల తరబడి కదలని కార్లు ఇంకా చాలానే కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మూడు రకాలే. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైన అంబాసిడర్ ఒకటి. ఇటలీ ఫియట్ 1100 నమూనాతో ముంబయిలో తయారై, కాగితాల మీద ప్రీమియర్ పద్మినిగా మారినా జనం నోట ఫియట్‌గానే మిగిలిపోయిన బండి రెండోది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 మూడోది. నడిపే మనిషి కాలం చేస్తాడు, లేదా చూపు మందగిస్తుంది. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోతారు. బండి ఉన్నచోటే ఉండిపోతుంది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఆగి మళ్లీ బయటికి రానివి కూడా ఉన్నాయి. ఏ సంక్రాంతికో అందరూ ఊళ్లో కలిసినప్పుడు దాన్ని లేపాలన్న ముచ్చట పుడుతుంది. టార్పాలిన్ తీస్తారు, కొత్త బ్యాటరీ బిగిస్తారు, డబ్బాతో అయిదు లీటర్ల పెట్రోలు తెచ్చి ఉన్నదాంట్లోనే పోస్తారు, సెల్ఫ్ కొడతారు. చాలా బండ్లకు అసలు నష్టం జరిగేది ఏళ్ల తరబడి నిలిచిన కాలంలో కంటే ఈ ఒక్క పూటలోనే.

బండి స్టార్ట్ కాకపోతే అందరి చెయ్యీ ముందు కార్బొరేటర్ మీదికే వెళుతుంది. రోగం బయటపడేది అక్కడే కాబట్టి అది సహజమే. కానీ ఆ రోగం పుట్టేది వెనక, ట్యాంకులో. పెట్రోలు ట్యాంకులో బయలుదేరి, ఇనుప పైపులో కారు పొడవునా ప్రయాణించి, ఫిల్టరు దాటి, పంపు దాటి, కార్బొరేటర్‌లో సన్నటి రంధ్రాల గుండా ఇంజనుకు చేరుతుంది. మరమ్మతు కూడా ఆ వరుసలోనే సాగాలి. పెట్రోలు బయలుదేరే చోట శుభ్రం కానిదే అది చేరే చోటును ఎన్నిసార్లు కడిగినా నిలవదు. తాళం తిప్పడం అన్నిటికంటే చివరి పని. నా వాదన ఇంతే. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో తెలియాలంటే, నిలవ ఉన్న పెట్రోలుకు ఏమవుతుందో చూడాలి.

పెట్రోలు ఒకే పదార్థం కాదు. రకరకాల హైడ్రోకార్బన్ల కలయిక. కొన్ని మన చేతి వేడికే ఆవిరయ్యేంత తేలిక, కొన్ని 200 డిగ్రీల దాకా కదలనివి. చల్లటి ఇంజను అంటుకోవడానికి పనికొచ్చేవి ఆ తేలికపాటివే. పెంటేన్ అనే భాగం 36 డిగ్రీలకే మరుగుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవిలో రేకుల షెడ్డు కింద ట్యాంకు ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. తేలిక భాగాలన్నీ ట్యాంకు గాలి రంధ్రం గుండా వెళ్లిపోతాయి, బరువైనవి మిగిలిపోతాయి. అంటే చూడటానికి ట్యాంకులో పెట్రోలు ఉంటుంది గాని అది ఇంజనును అంటించలేదు. ఇది మొదటి నష్టం, చిన్న నష్టం. రెండోది పెద్దది. రిఫైనరీలో బరువైన నూనెను విరగ్గొట్టి తీసిన పెట్రోలులో ఒలెఫిన్లనే చురుకైన భాగాలు ఉంటాయి. అవి గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా కలిసి, ఒకదానికొకటి అతుక్కుని, బంకగా మారతాయి. ఆ చర్యను ఆపడానికి రిఫైనరీలో యాంటీ ఆక్సిడెంట్లు కలుపుతారు కాని అవి కొంతకాలానికి ఖర్చయిపోతాయి. రాగి తగిలితే చర్య ఇంకా వేగంగా జరుగుతుంది. పాత బండ్లలో రాగి పైపులకూ ఇత్తడి విడిభాగాలకూ కొదవ లేదు. అందుకే ఏళ్లు గడిచిన ట్యాంకు మూత తీయగానే పెట్రోలు వాసనకు బదులు పాత వార్నిష్ వాసన ముక్కుకు కొడుతుంది.

దీన్ని ఎవరైనా ఇంట్లోనే రుజువు చేసుకోవచ్చు. పెట్రోలు బంకుల్లో కల్తీని పట్టుకోవడానికి ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు మనకు ఉంది. కాగితం మీద ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆవిరైపోయి మరక మిగలకూడదు. అదే పరీక్ష షెడ్డులోని బండి పెట్రోలుకు చేయండి. పసుపో గోధుమో రంగు వలయం మిగిలి, వేలికి జిగురుగా తగిలితే ఇక సందేహం అక్కర్లేదు. ఇంకో పావు లీటరు గాజు సీసాలో పట్టి కదపకుండా ఒక పూట ఉంచండి. తేరిన డికాషన్ రంగు కనిపిస్తే బంక, అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే తుప్పు, అడుగున వేరే పొరగా ఏదైనా నిలిస్తే నీళ్లు. ఏ పరికరమూ లేకుండా ట్యాంకు స్థితి ఇంత స్పష్టంగా తెలుస్తున్నప్పుడు, తెలుసుకోకుండా సెల్ఫ్ కొట్టడం ఎందుకు?

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పగటి వేడికి ట్యాంకులోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ట్యాంకు రోజుకొకసారి ఊపిరి తీసి వదులుతుందన్నమాట. కాకినాడ, విశాఖపట్నం లాంటి తీరంలో ఆ ఊపిరిలో తేమే ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకులో పెట్రోలు తగలని పై గోడల మీద ఆ తేమ పట్టి తుప్పు రేగుతుంది. దీనికి ఇథనాల్ తోడయింది. మన దేశంలో 2003లో ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన ఈ మిశ్రమం 2022 నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. 10 శాతం మిశ్రమం లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని తనలో కలుపుకుని ఉంచగలదు. అది దాటినా, లేదా చలికి ఆ శక్తి తగ్గినా, ఇథనాల్ నీటితో జత కట్టి పెట్రోలును వదిలేసి అడుగుకు దిగిపోతుంది. పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. మండని ద్రవం ముందుగా కార్బొరేటర్‌కు చేరుతుంది. అక్కడి జింకు, అల్యూమినియం పోత మీద తెల్లటి పొడి పుట్టిస్తుంది. ఇథనాల్ సంగతి తెలియని రోజుల్లో చేసిన రబ్బరు పైపులు కూడా దీనికి ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి.

దీన్నిబట్టి తప్పంతా ఇథనాల్‌దేననే మాట ఇప్పుడు బాగా వినబడుతోంది. అందులో సగమే నిజం ఉంది. 1990లలో షెడ్డెక్కి మళ్లీ బయటికి రాని బండ్ల ట్యాంకుల్లో ఇథనాల్ ఒక్క చుక్క కూడా ఉండదు. అయినా వాటి అడుగున తారు లాంటి బంక ఉంటుంది. కాబట్టి ఇథనాల్ లేకపోయినా పెట్రోలు పాడవుతుంది. ఇథనాల్ ఉంటే నీళ్ల పొర, రబ్బరు నష్టం అదనంగా వస్తాయి. పైగా గాలిలోని తేమ ఒక్కదానితోనే పొర విడిపోవడానికి చాలాకాలం పడుతుంది. త్వరగా జరిగిందంటే మూత దగ్గరి వాషర్ పోయి వాన నీరు దిగుతోందనే అనుమానించాలి. నింద వేయడం తేలిక. కానీ నింద వేసి ఊరుకుంటే ఆ వాషర్ మార్చేవాళ్లు ఉండరు. పాతవాటి విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1తో పూర్తిగా ఆగింది. అంతకుముందు నిలిచిన బండిలో సీసం పెట్రోలే ఉండొచ్చు. ఆ సీసం సమ్మేళనం చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. చేతికి తొడుగులు లేకుండా దాన్ని ముట్టకండి.

ఇక అందరూ చెప్పే అభ్యంతరానికి వస్తాను. "అంత పని దేనికి? కొత్త పెట్రోలు పోసి రెండుసార్లు సెల్ఫ్ కొడితే ఫలానావాళ్ల బండి స్టార్ట్ అయిందిగా" అంటారు. అయి ఉండొచ్చు. కానీ స్టార్ట్ కావడం బాగుపడినట్టు రుజువు కాదు. కొత్త పెట్రోలు, అందులోనూ ఇథనాల్ ఉన్నది, గోడలకు అంటి ఉన్న బంకను, తుప్పును కదిలిస్తుంది. అప్పటిదాకా ట్యాంకులో నిద్రపోతున్న చెత్త ప్రయాణం మొదలుపెడుతుంది. కార్బొరేటర్ జెట్టు రంధ్రం ఎంత సన్ననిదో లెక్క చూడండి. ఐడిల్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఆ రంధ్రం గోడ చుట్టూ మిల్లీమీటరులో పదో వంతు బంక పేరుకుంటే మిగిలే దారి 0.3 మిల్లీమీటర్లు. వ్యాసం సగానికి కాస్త ఎక్కువే మిగిలినా, పెట్రోలు పోయే వైశాల్యం 36 శాతానికి పడిపోతుంది. బండి చోక్ లాగితే నడుస్తుంది, చోక్ వదిలితే ఆగిపోతుంది. కార్బొరేటర్ విప్పి కడుగుతారు, నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ అదే మిస్సింగ్. ఇలా మూడుసార్లు కడిగించాక "ఈ బండి ఇక పనికిరాదు" అని పాత ఇనుముకు తూచేస్తారు. అందులో బండి తప్పేమీ లేదు.

ఇంతకంటే బాధాకరమైనది ఇంకొకటి ఉంది. బంక కలిసిన పెట్రోలుతో ఇంజను నడిస్తే ఆ బంక ఇన్‌లెట్ వాల్వు కాడల మీద పూత కడుతుంది. ఇంజను వేడిగా ఉన్నంతసేపు అది మెత్తగా ఉండి ఇబ్బంది పెట్టదు. రాత్రికి చల్లబడ్డాక జిగురులా గట్టిపడి వాల్వును గైడులో బిగబడుతుంది. మర్నాడు ఉత్సాహంగా సెల్ఫ్ కొడితే కదలని వాల్వు మీద పుష్‌రాడ్ ఒత్తి వంగిపోతుంది. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను, ఫియట్ ఇంజను రెండూ పుష్‌రాడ్లతో నడిచేవే. అందుకే స్టార్ట్ అయిన మొదటి రోజు సంబరం నమ్మదగింది కాదని అంటున్నాను. ఇంజనుకు ప్రాణం ఉందో లేదో ముందే తెలుసుకోవాలన్న మెకానిక్ కోరిక మాత్రం న్యాయమైనదే. ట్యాంకు దించే ఖర్చు పెట్టాక ఇంజనే పోయిందని తెలిస్తే ఎవరికైనా కష్టమే. దానికి దారి ఉంది. కార్బొరేటర్‌ను ఒకసారి శుభ్రం చేసి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి మూసి, తాజా పెట్రోలు ఉన్న చిన్న సీసాను పైపుతో కార్బొరేటర్‌కు కలిపి పైన వేలాడదీస్తే చాలు. పాత ట్యాంకుతో సంబంధం లేకుండా ఇంజను సంగతి తేలిపోతుంది. కార్బొరేటర్ నోట్లో నేరుగా పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టే అలవాటును మాత్రం మానేయాలి. ఇంజను వెనక్కి తన్నితే ఆ నోట్లోంచి మంట వస్తుంది. పక్కనే తెరిచిన సీసా పట్టుకున్న మనిషి ఉంటాడు.

ట్యాంకు పని ఎలా చేయాలి? ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. బండి ఆరుబయట ఉండాలి. పెట్రోలును పైపుతో నోటితో పీల్చి తీయడం మన దగ్గర ఇంకా మామూలే. గుటక జారి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకమైన న్యుమోనియా వస్తుంది. చేతి పంపు వాడండి, లేదా ట్యాంకు అడుగున మర ఉంటే విప్పి దించండి. తీసిన పెట్రోలును కాలవలోనో బావి పక్క నేల మీదనో పారబోయకూడదు. అది నేలలోకి ఇంకి తాగే నీటిని చేరుతుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ సేకరించేవారికి చేర్చే వర్క్‌షాపుకు ఇవ్వాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు కలిసినా నిప్పు తగిలితే పేలుతుంది. చిల్లు పడిందని ఆ ట్యాంకును నేరుగా వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో ఇంకోటి లేదు.

ట్యాంకు దించాక లోపలి బంకను, తుప్పును వేరువేరుగా చూడాలి. బంక కరగడానికి తగిన ద్రావకం పోసి నానబెట్టి, గుప్పెడు నట్లో చిన్న గొలుసో వేసి ఊపితే గోడలు వదులుతాయి. ఆ తర్వాత సబ్బు నీళ్లతో చాలాసార్లు కడగాలి. తుప్పుకు మన వంటింట్లో ఉండే నిమ్మ ఉప్పు చక్కటి మందు. లీటరు వేడినీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి ఉంచితే తుప్పు కరుగుతుంది, ఇనుము పెద్దగా తినబడదు. బాత్‌రూమ్‌లు కడిగే యాసిడ్ వేగంగా పనిచేస్తుందని కొందరు దాన్నే పోస్తారు. అది తుప్పుతో పాటు రేకునూ తింటుంది. కడిగిన గంటలోనే మళ్లీ ఎర్రబడేట్టు చేస్తుంది. నిమ్మ ఉప్పు నీళ్లు పారబోశాక వంట సోడా నీళ్లతో ఒకసారి కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఈ "వెంటనే" అన్న మాటలోనే సగం ఫలితం ఉంది. మన ఎండ ఇక్కడ మేలు చేస్తుంది. ఆరిన ట్యాంకులో పెట్రోలులో కలిపిన కాస్త ఇంజన్ ఆయిల్ పోసి అన్ని గోడలకూ తగిలేలా తిప్పితే కొత్త తుప్పు పట్టదు. లోపల పూత వేయిస్తామనేవారు ఉన్నారు. సరిగ్గా శుభ్రం కాని రేకు మీద వేసిన పూత కొన్నాళ్లకు పొరలుగా ఊడి, తుప్పు కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చిల్లులు లేకపోతే పూత జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ట్యాంకు తర్వాత మూత. దాని గాలి రంధ్రం మూసుకుపోతే బండి పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంది. మూత తీయగానే స్‌స్ అని గాలి లోపలికి పోయిన శబ్దం వస్తుంది. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు ఇలాంటి రంధ్రాలంటే ఇష్టం. ఇనుప పైపును రెండువైపులా ఊడదీసి, ముందు నుంచి వెనక్కి ఎయిర్ కొట్టాలి. చెత్త వచ్చిన దారినే పోవాలి. రబ్బరు పైపులన్నీ, బాగున్నట్టు కనిపించినా, ఇథనాల్‌కు తట్టుకునే కొత్తవాటితో మార్చేయాలి. అవి పగిలితే పెట్రోలు కారేది వేడి ఇంజను మీద. మెకానికల్ పంపు ఉన్న బండిలో డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. గేజ్ పుల్ల తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆయిల్ మట్టం ఉండాల్సిన దానికంటే పైన ఉంటే సంతోషించకండి, ఆ ఆయిల్ మార్చకుండా ఇంజను తిప్పకండి.

ఈ శ్రమంతా తప్పించుకోవడానికి రెండు అడ్డదారులు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, ట్యాంకులో పోసే శుద్ధి మందు సీసా. పెట్రోలు నిలవ ఉండటానికి వాడే స్టెబిలైజర్ పాడయ్యే చర్యను నెమ్మది చేస్తుందే గాని, జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పలేదు. విరిగిన పాలు మళ్లీ పాలు కావు. జెట్లు కడిగే రకం మందులకు కూడా అక్కడిదాకా పెట్రోలు ప్రవహిస్తేనే పని. పూర్తిగా మూసుకున్న రంధ్రంలో ప్రవాహమే ఉండదు. రోజూ తిరిగే బండికి అవి కొంత మేలు చేస్తాయి, నిలిచిన బండికి కాదు. రెండో అడ్డదారి కొత్త కార్బొరేటర్. పాతదాన్ని బాగుచేసే కూలి కంటే కొత్తది చవక అనిపించవచ్చు. కానీ బజారులో దొరికే నకలు కార్బొరేటర్ జెట్ల కొలతలు మన ఇంజనుకు సరిపోతాయన్న భరోసా లేదు. సరిపోయినా, మురికి ట్యాంకు ముందు కొత్త కార్బొరేటర్ గతి కూడా పాతదాని గతే.

ఇన్ని దాటాక కార్బొరేటర్ విప్పితే ఆ పని తేలికవుతుంది, ఒకేసారితో తీరుతుంది. ఇత్తడి జెట్లను సూదితోనో ఇనుప తీగతోనో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, గీత పడితే కొలత మారిపోతుంది. ద్రావకంలో నానబెట్టి, గాలానికి వాడే సన్నటి నైలాన్ దారం దూర్చి, ఎయిర్ కొడితే చాలు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడైతే అది తేలదు, కార్బొరేటర్ పొంగుతుంది. నీడిల్ వాల్వు, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్, గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో ఆక్సిజన్ బరువులో సుమారు 7 శాతం ఉంటుంది కాబట్టి, పాత జెట్లతో మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వెనక్కి తన్నుతున్నా, ప్లగ్గులు తెల్లగా కాలుతున్నా మెయిన్ జెట్టు ఒక మెట్టు పెంచాల్సి రావచ్చు. చివరికాలపు మారుతి 800లలా కార్బొరేటర్ లేని ఎంపీఎఫ్ఐ బండ్లకు కూడా ఇదే వరుస వర్తిస్తుంది. అక్కడ పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. కాబట్టి ట్యాంకు మురికికి మొదటి బలి పంపు. ఆ బండ్లలో పైపు విప్పేముందు లోపలి ఒత్తిడి తీసేయాలన్నది మరవకూడదు.

ఇప్పుడు తాళం తిప్పవచ్చు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ వేసి, ముందు ఇంజనును చేత్తో తిప్పి చూసుకుని, ప్లగ్గులు మళ్లీ బిగించి, ఒక బక్కెట్ ఇసుకో పొడితో మంట ఆర్పే సిలిండరో పక్కన పెట్టుకుని స్టార్ట్ చేయండి. ట్యాంకులో పది లీటర్లకు మించి పోయకండి. పంపు ముందు లోపలిది కనిపించే గాజు ఫిల్టరు బిగించి, మొదటి నూరు కిలోమీటర్లు ఊరి చుట్టుపక్కలే తిరగండి. రోజూ సాయంత్రం బానెట్ ఎత్తి ఆ ఫిల్టరును వెలుగులో చూడండి. ఎర్రటి పొడి వస్తూనే ఉంటే ట్యాంకు పని ఇంకా మిగిలి ఉందని అర్థం. మూడో నాలుగో రోజుకు కూడా అది బిగించిన నాటిలాగే తేటగా కనిపిస్తే, దాన్ని తీసి కొత్తది వేసి, ట్యాంకు నింపుకుని ప్రయాణం పెట్టుకోండి.